పొట్టేలు నుంచి మన పొట్ట దాకా: కొవ్వు వింతలు

ఒంట్లో కొవ్వు ఎక్కడ చేరాలో, ఎంత చేరాలో తేల్చడంలో జన్యువులకు పెద్ద పాత్రే ఉంది. ఆ విశేషాలు కొన్ని...

దేశంలోకెల్లా పొడుగు: మన గొర్రె జాతుల్లో అన్నిటికన్నా ఎత్తైనది నెల్లూరు గొర్రె. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో మేసే జీవాలకు పేరు తెచ్చింది ఈ జాతే. పొడుగు కాళ్లు, ఉన్ని బదులు పొట్టి వెంట్రుకలు. దూరం నుంచి మేకేమో అనిపిస్తుంది. తెల్లనిది పల్ల, మూతికీ కళ్లచుట్టూ నల్లమచ్చలుంటే జోడిపి, ఒళ్లంతా ఎర్రగా ఉంటే దొర. దీని తోక పొట్టి, సన్నం. అదే పశ్చిమాసియా అవాసీ గొర్రెకైతే కొవ్వంతా తోకలోనే! కరువు రోజుల్లో ఆ కొవ్వే దానికి ఆధారం.

ఖరీదులో గిన్నిస్ ఆవు: ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోదే. అక్కడి పశువులే బ్రెజిల్ వెళ్లి 'నెలోర్' అయ్యాయి. వాటిలో వయాటినా-19 అనే ఆవు విలువ 2023 వేలం లెక్కన 40 లక్షల డాలర్లు దాటింది. నెలోర్ మాంసంలో కండ మధ్య కొవ్వు చారలు విదేశీ ఆంగస్ కన్నా తక్కువ.

నాన్న ఇస్తేనే: 1983లో అమెరికాలోని ఓక్లహోమాలో 'సాలిడ్ గోల్డ్' అనే పొట్టేలు పుట్టింది. వెనక తొడలు కండ తిరిగి, కొవ్వు తక్కువ. కారణం డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారడమే. ఆ మార్పు తండ్రి నుంచి వస్తేనే పనిచేస్తుంది; తల్లి నుంచి కూడా వచ్చిందా, ఫలితం సున్నా.

అన్నిటికీ పెద్ద మీట: 1994లో బోస్టన్‌లో టాంటొనోజ్, స్పీగెల్‌మన్ బృందం పీపీఏఆర్ గామా జన్యువును మామూలు కణాల్లో పెడితే అవి కొవ్వు కణాలైపోయాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే మన ఒంట్లోని మామూలు తెల్ల కొవ్వు కణం నిండా ఒకటే నూనెబొట్టు. కేంద్రకం గోడకు నొక్కుకుని ఉంటుంది. 2008లో మరో వింత: వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు కణాలయ్యే వాటిలో పీఆర్‌డీఎం16 జన్యువును అణిచేస్తే అవి కండ కణాలయ్యాయి.

ఇద్దరు డాక్టర్లు: పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్... ఎత్తుకు తగ్గ బరువు సూచీ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌కు 21.2 శాతం, యుడ్కిన్‌కు 9.1 శాతం! తర్వాత యాజ్ఞిక్, హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకులు కలిసి ఎఫ్‌టీఓ జన్యువుకూ భారతీయుల మధుమేహానికీ సంబంధం ఉందని 2009లో చూపారు.

తగ్గని లెక్క: పెద్దయ్యాక కొవ్వు కణాల సంఖ్య దాదాపు మారదు. ఏటా పదో వంతు పోతే, అన్నే కొత్తవి పుడతాయి. బరువు తగ్గితే కణం చిక్కుతుందే గానీ, కణాల లెక్క తగ్గదు.

ఆ ఇద్దరు డాక్టర్ల సంగతి చూశారుగా, అందుకే కాటా ఒక్కదాన్నే నమ్మకండి. ఈరోజే టేపు తీసి నడుము కొలుచుకోండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ఒకసారి డాక్టరును కలవండి.