పుట్టీ పెడితే తుప్పు పోతుందా?

కడిగి తుడిస్తే కారు తళతళలాడుతోంది. వెనక చక్రం పైన మాత్రం శనగగింజంత పొక్కు. గోటితో గీకితే పెచ్చు ఊడి, కింద ఎర్రటి పొడి. షెడ్డుకి తీసుకెళ్తే ‘దీనికేముంది సార్, సాయంత్రానికల్లా ఇచ్చేస్తా’ అంటాడు మేస్త్రీ. అన్నట్టే ఇస్తాడు కూడా. ఒక్క వానాకాలం గడుస్తుందో లేదో... అదే చోట ఈసారి రూపాయి బిళ్లంత పొక్కు!

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో కారున్న ఇళ్లకి ఇది కొత్త కథేం కాదు. ఇనుముకి నీరు, గాలిలోని ఆక్సిజన్ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే ఆ పని మరింత జోరందుకుంటుంది. అందుకే సముద్రపు గాలికి ఆరుబయట నిలబడే కారూ, అనంతపురంలో తిరిగే కారూ ఒకే ఏడాది కొన్నవైనా వాటి ఒంటి తీరు వేరు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చికాగో, డెట్రాయిట్‌లలో ఉండే మనవాళ్ల కార్లకీ ఇదే బెడద.

తుప్పుకి ఇంకో గుణం ఉంది. తాను పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి దానికి. అందుకే మీదున్న రంగుని పైకి నెట్టేస్తుంది. మనకి కనిపించే పొక్కు అదే. రంగు కింద అది పాకిన మేర ఆ పొక్కు కన్నా పెద్దదే ఉంటుంది.

సాయంత్రానికి తయారైపోయే కారుకి జరిగే వైద్యం ఏమిటంటే... పైపైన గీకి, పుట్టీ పూసి, బకెట్ నీళ్లలో వాటర్ పేపర్ ముంచి నున్నగా రుద్ది, బూడిదరంగు ప్రైమర్ కొట్టి, మీద రంగు వేయడం. చూపుకి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ పుట్టీ నీటిని పీల్చుకుంటుంది. రుద్దేటప్పుడు తాగిన తడి పూర్తిగా ఆరకముందే రంగు పడితే, ఆ తడి కింద మిగిలిపోయిన తుప్పుకి భోజనం పెట్టినట్టే.

రేకు మెరవాలి

అసలు పని రంగు గీకేయడంతో మొదలవుతుంది. పొక్కు చుట్టూ గట్టిగా ఉన్న రంగు తగిలేదాకా, కింద తెల్లగా మెరిసే రేకు కనిపించేదాకా ఎనభై నంబరు గరుకు కాగితంతోనో, గ్రైండర్‌తోనో తీయాలి. గ్రైండర్‌ని ఒకేచోట ఆనించి ఉంచితే రేకు వేడెక్కి వంగిపోతుంది, పలచబడిపోతుంది. తీయగా తీయగా చిల్లు పడిందంటే రేకు అక్కడికి ముందే చచ్చిపోయిందన్నమాట. అంతమేరా కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిందే. చిల్లులో జాలీ కుక్కి పుట్టీతో మూసేవాళ్లున్నారు. అది వైద్యం కాదు, ముసుగు.

ఎంత తీసినా సన్నటి గుంటల్లో నల్లటి చుక్కలు మిగులుతాయి. వీటికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న ద్రావణం పూస్తారు. అది తుప్పుతో కలిసి ఇనుప ఫాస్ఫేట్‌గా మారుతుంది. ఢిల్లీలోని ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్లుగా నిలబడటం వెనకా ఫాస్ఫరస్ మహిమ ఉంది. ఆ ఇనుములో ఎక్కువగా ఉన్న ఫాస్ఫరస్ వల్ల స్తంభం మీద కాపాడే పొర ఏర్పడిందని ఐఐటీ కాన్పూర్‌కి చెందిన లోహశాస్త్రవేత్త ఆర్.బాలసుబ్రమణ్యం వివరించారు. అయితే షెడ్డులో యాసిడ్ పూసి వదిలేస్తే కుదరదు. డబ్బా మీద చెప్పినట్టు కడిగి, బాగా ఆరబెట్టాలి. మిగిలిన యాసిడ్ మీద ఎపాక్సీ ప్రైమర్ పడితే సరిగ్గా గట్టిపడదు. శుభ్రం చేసిన రేకుని ఒట్టి చేత్తో తాకకూడదు. చెమటలోనూ ఉప్పే కదా! తేమ ఎక్కువున్న ఊళ్లో బట్టబయలైన రేకు గంటల్లోనే మళ్లీ ఎరుపెక్కుతుంది కాబట్టి, ఆ రోజే ప్రైమర్ పడాలి.

ఏ ప్రైమర్?

అన్ని ప్రైమర్లూ ఒకటే అనుకోవడం దగ్గరే సగం డబ్బు వృథా అవుతుంది. షెడ్డులో తరచూ కనిపించే బూడిదరంగు సర్ఫేసర్ పని గరుకు కాగితం గీతల్ని పూడ్చి, రంగుకి నున్నటి పీట వేయడం. చెమ్మని ఆపడం దానికి చేతకాదు. రేకు మీద నేరుగా పడాల్సింది ఎపాక్సీ ప్రైమర్. హార్డెనర్ కలిపి కొట్టే ఈ పూత రేకుని గట్టిగా పట్టుకుంటుంది, నీటిని దరిచేరనివ్వదు. పుట్టీ అవసరమైతే ఇది ఆరాక దీని మీదే పెట్టుకోవచ్చు. దాని మీద సర్ఫేసర్, ఆపైన రంగు.

యాసిడ్ ఉండే ఎచ్ ప్రైమర్ ఇంకో రకం. పలచగా కొడతారు. లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకుంటుంది. అల్యూమినియానికి బాగా పనికొస్తుంది. దీని మీద నేరుగా పుట్టీ పెట్టకూడదు. ఎపాక్సీకీ దీనికీ కూడా సాధారణంగా పడదు. రెండిట్లో ఒకదాన్నే ఎంచుకోవాలి. బంపర్‌కి వీటితో పనిలేదు. దానికి ప్లాస్టిక్ ప్రైమర్ వేరే ఉంది.

‘గేటుకి వేయగా మిగిలిన రెడ్ ఆక్సైడ్ ఉందిగా, అదే కొట్టేస్తే?’ అని అడిగేవాళ్లు ఉంటారు. దానికా ఎరుపునిచ్చేది ఐరన్ ఆక్సైడ్... అంటే తుప్పుకి దగ్గరి చుట్టమే! అది తుప్పుని పెంచదు కానీ, తనంతట తాను ఆపనూ ఆపదు. ఒకప్పటి ఎర్ర ప్రైమర్లలో ఆ పని చేసింది సీసం. విషం కాబట్టి అది వాడకం నుంచి తప్పుకుంది. పైగా గేటు ప్రైమర్ మీద కారు రంగులోని థిన్నర్ పడితే ముడతలు లేచే ప్రమాదమూ ఉంది.

హార్డెనర్ కలిపే పూతలు కొట్టేటప్పుడు ముక్కుకి జేబురుమాలు కట్టుకుంటే చాలదు. రంగుల హార్డెనర్లలో ఉండే ఐసోసయనేట్లు ఆస్తమా తెచ్చిపెడతాయి. తగిన మాస్కు లేకుండా పని చేసే షెడ్లను చూస్తే, రంగు నాణ్యత మాట తర్వాత, ఆ కుర్రాళ్ల ఊపిరితిత్తుల గురించే ముందు బెంగపడాలి.

పాతబండి కొనేముందు

సొంత కారుకి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. తయారీ 2014లో ఆగిపోయిన మారుతి 800లు ఇంకా రోడ్ల మీద కనిపిస్తున్నాయంటే అందుకే. ఇలాంటివి కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఉంటే మంచిది. పలచటి గుడ్డలో చుట్టి ఇనుప రేకు మీద ఆనిస్తే, దళసరి పుట్టీ ఉన్నచోట అది పట్టుకోదు. డోర్ మీద పుట్టీ అందానికి సంబంధించిన గొడవ. డోర్ల కింద నిలువునా సాగే రన్నింగ్ బోర్డు, ఫ్లోరు, సీటు బెల్టు బిగించే చోటు తినేసి ఉంటే మాత్రం ప్రాణాలకి సంబంధించినది. గుద్దుకున్నప్పుడు దెబ్బ ఓర్చుకునే భాగాలవి. అక్కడ ఏ ప్రైమరూ పనికిరాదు, వెల్డింగే. కుదరకపోతే ఆ బండి వద్దు.

ఇంట్లో చేసుకోగలిగిన పని ఒకటుంది. డోర్ కింది అంచున నీరు పోయే సన్నటి రంధ్రాలుంటాయి. మట్టితో మూసుకుపోతే వాననీరు డోర్ లోపలే నిలిచి, లోపల్నుంచి తినుకుంటూ వస్తుంది. వానలకి ముందు ప్లాస్టిక్ పుల్లతో వాటిని పొడిస్తే చాలు. రబ్బరు మ్యాట్‌లు ఎత్తి కింద కార్పెట్‌ని చేత్తో నొక్కి చూడాలి. ముందు ఎడమ సీటు దగ్గర తడి తగిలితే, ఏసీ నీరు బయటికి పోయే గొట్టం మూసుకుపోయిందేమో చూడమని మెకానిక్‌కి చెప్పాలి.