కొన్న పాటకు కంపెనీ తాళం!

డబ్బిచ్చి కొన్న పాట ఎప్పటికీ మనదేనా? అమెరికా శ్రోతలకు 2008లో ఈ సందేహం వచ్చింది. మైక్రోసాఫ్ట్ తన ‘ఎమ్మెసెన్ మ్యూజిక్’ దుకాణంలో అమ్మిన పాటలకు కంటికి కనిపించని తాళం వేసింది. కంప్యూటర్ మారిస్తే తాళంచెవి మళ్లీ కంపెనీయే ఇవ్వాలి. ఆగస్టు 31 తర్వాత ఇవ్వబోమని ఏప్రిల్‌లో కబురు పంపింది. కొన్నవారు గగ్గోలు పెట్టారు. 2011 చివరిదాకా ఇస్తామంటూ కంపెనీ దిగివచ్చింది. పాటల్ని ముందే సీడీకెక్కించుకున్నవారికి ఈ బెంగ లేదు. సీడీకి ఆ తాళం ఉండదు.

ఇప్పుడు విడిగా అమ్మే పాటలకు చాలావరకు తాళాల్లేవు. అయినా కంప్యూటర్ చెడితే పాట పోవచ్చు. అందులోనే మరోచోట కాపీ పెట్టుకోవడం ఒక దాచడమా! పెన్ డ్రైవ్‌లోనో, విడి హార్డ్ డిస్క్‌లోనో ఎక్కించి వేరుగా ఉంచాలి. అప్పుడప్పుడూ తీసి, పలుకుతోందో లేదో చూడాలి. నెలనెలా చందా కట్టి ఫోన్లో దించుకునే పాటలకు మాత్రం ఈ ఉపాయం పారదు. చందా ఆగితే అవీ మూగబోతాయి.