ఆయిల్ దీపం వెలిగేదాకా ఆగొద్దు

ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యాను 1950లో జర్మనీలో రోడ్డెక్కింది. బ్రెజిల్‌లో అయితే ‘కోంబి’ పేరుతో 2013 దాకా తయారైంది. పాత వ్యాన్లంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇప్పటికీ దాన్ని అపురూపంగా చూసుకుంటూ దూరప్రయాణాలు చేస్తుంటారు. ఇంజను వెనక ఉంటుంది. పాత వ్యాన్ల ఇంజనుకు రేడియేటరు లేదు, గాలితోనే చల్లబడాలి. నీళ్లే లేనప్పుడు నీళ్ల వేడి చూపే మీటరు మాత్రం ఎందుకని కంపెనీ అనుకుంది. ఇంజను బాగోగులు చెప్పడానికి డ్రైవరు ముందు రెండు దీపాలు పెట్టి ఊరుకుంది: ఒకటి ఛార్జింగుది, ఇంకొకటి ఆయిల్‌ది.

ఇందులో ఛార్జింగ్ దీపాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1600 సీసీ ఇంజనులో చల్లగాలి కొట్టే ఫ్యాను డైనమో ఇరుసు మీదే ఉంటుంది. బెల్టు తెగితే ఛార్జింగుతోపాటు ఫ్యానూ ఆగిపోతుంది. ఆ దీపం వెలిగిన మరుక్షణం బండి పక్కకు తీసి ఆపాల్సిందే.

అసలు చిక్కు ఆయిల్ దీపంతోనే. 1600 సీసీ ఇంజనుకు కంపెనీ పెట్టిన లెక్క ఇది: ఆయిల్ 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఇంజను నిమిషానికి 2500 చుట్లు తిరుగుతున్నప్పుడు ప్రెషరు 42 పీఎస్ఐ ఉండాలి. 28కి పడిపోయిందంటే ఇంజను అరిగిపోయినట్టే. మరి దీపం ఎప్పుడు వెలుగుతుంది? దాని స్విచ్ పనిచేసేది 2 నుంచి 6 పీఎస్ఐ మధ్య. 28 నుంచి 6 దాకా ప్రెషరు దిగజారుతున్నంతసేపూ డ్రైవరుకు ఏ కబురూ అందదు. ఘాట్ రోడ్డు మీద నిండు బరువుతో ఎక్కుతుండగా ఆ దీపం వెలిగిందంటే అప్పటికే బేరింగులు రాసుకుపోతుంటాయి. మన మారుతి ఓమ్నీలో ఉన్నదీ ఇలాంటి ఆయిల్ దీపమే కాబట్టి ఈ మాట మనకూ పనికొస్తుంది.

ఈ ఇంజనులో ఆయిల్‌కు రెండు పనులు. భాగాలు రాసుకోకుండా చూడాలి, వాటి వేడినీ మోసుకుపోవాలి. ఇంత పని చేసే ఆయిల్ మొత్తం రెండున్నర లీటర్లే. వేడెక్కేకొద్దీ అది పలచబడుతుంది. పలచబడితే ప్రెషరు తగ్గుతుంది. అందుకే దీపానికి తోడుగా ప్రెషరు మీటరు ఒక్కటే పెడితే సగం సంగతే తెలుస్తుంది. వేడి మీటరూ పక్కనే ఉండాలి.

ప్రెషరు మీటరు బిగించడానికి ఇంజను విప్పక్కర్లేదు. డిస్ట్రిబ్యూటరు పక్కన ఉండే ఆయిల్ స్విచ్ తీసి, అక్కడ టీ ఆకారపు ఇత్తడి ముక్క పెట్టి, ఒక చేతికి పాత స్విచ్‌నూ మరో చేతికి మీటరుకు కబురు పంపే సెండర్‌నూ బిగిస్తారు. దీపాన్ని మాత్రం పీకెయ్యొద్దు. మీటరు వైపు చూడని క్షణంలో కాపాడేది అదే. ఇంజను కేసు మెగ్నీషియం మిశ్రమం. స్పానరు మీద బలం చూపిస్తే పగులుతుంది. బరువైన సెండరు ఆ ముక్క మీద ఊగుతూ ఉంటే ముక్కే విరిగిపోవచ్చు. మంచి ప్రెషరు గొట్టంతో సెండర్‌ను పక్కకు తెచ్చి గట్టిచోట బిగించి, దానికి విడిగా ఎర్తు ఇవ్వడం నా దృష్టిలో మేలు. మరల మీద టెఫ్లాన్ టేపు దట్టంగా చుడితే ఎర్తు సరిగా అందక ముల్లు అబద్ధం చెబుతుంది.

ఆయిల్‌నే సన్నటి గొట్టంలో మీటరు దాకా తెచ్చే రకం కూడా దొరుకుతుంది. ఇంజను వెనక, డ్రైవరు ముందు ఉండే బండికి అది తగదు. కాగే ఆయిల్ బండి పొడవునా పారుతుంది, ఎక్కడ లీకైనా ప్రమాదమే. కరెంటు మీటరైతే సెండరు నుంచి ఒక్క వైరు చాలు. కాకపోతే మీటరు, సెండరు జతగానే కొనాలి. ఒక కంపెనీ సెండర్‌కు ఇంకో కంపెనీ మీటరు కలిపితే, రెసిస్టెన్సు లెక్క కుదరక అంకెలు తప్పుతాయి.

వేడి సెండర్‌కు సులువైన చోటు ఆయిల్ కొలిచే పుల్ల. పుల్ల స్థానంలో పెట్టే సెండర్లు దొరుకుతాయి. దాని కొన ఆయిల్‌లో మునిగి ఉండాలి, లేకపోతే అది చూపేది ఆవిరి వేడిని. బిగించేముందు సెండర్ కొనను మరిగే నీళ్లలో ముంచి మీటరు చూడండి. హైదరాబాద్ ఎత్తులో నీళ్లు 98 డిగ్రీల దగ్గర మరుగుతాయి, విశాఖలో 100 దగ్గర. ముల్లు దానికి దరిదాపుల్లో ఆగాలి.

బిగించాక మొదటి కొన్ని వారాలు చూడటమే పని. 80 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింత. 120 దాటితే వేగం తగ్గించాలి, ఇంకా పెరుగుతుంటే ఆపాలి. వేడి పెరిగి ప్రెషరు కాస్త దిగడం సహజం. వేడి మామూలుగానే ఉండి ప్రెషరు రోజురోజుకీ దిగుతుంటే అనుమానించాలి. ఆయిల్ తగ్గి ఉండొచ్చు, బేరింగులు అరిగి ఉండొచ్చు, పెట్రోలు పంపు పొర చిరిగి పెట్రోలు ఆయిల్‌లో కలుస్తూ ఉండొచ్చు. పుల్ల తీసి వాసన చూస్తే ఈ చివరిది తెలిసిపోతుంది. అదే వేడి విపరీతమైతే టైమింగు, ఆయిల్ కూలరు రెక్కల్లో దుమ్ము, ఇంజను చుట్టూ ఉండే రబ్బరు పట్టీ చూడాలి. ఆ పట్టీ ఊడితే కింది వేడిగాలినే ఫ్యాను మళ్లీ లాగుతుంది.

పాత వ్యాను కొన్నవాళ్లు రంగులకూ సీట్లకూ ముందు ఈ రెండు మీటర్లు పెట్టించుకోండి. మీ బండి ఆరోగ్యంగా ఉన్నప్పుడు చూపే అంకెలు రాసి పెట్టుకోండి, తేడా ఎప్పుడొచ్చినా వాటితో పోల్చుకోవచ్చు.