స్కా పంక్ సంగీతం: లయలో ఉల్లాసం, వస్తువులో నిరసన

వ్యాససంగ్రహం:
జమైకాలో పుట్టిన స్కా నాట్యసంగీతం బ్రిటన్, అమెరికాలలో పంక్‌తో కలిసి స్కా పంక్‌గా రూపొందింది. ఉల్లాసకరమైన లయ, కఠినమైన సామాజిక వస్తువు ఒకే పాటలో నిలవడమే ఈ ప్రక్రియ ఆకర్షణకు మూలమని, దాని పరిమితి కూడా అక్కడే ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్కా, పంక్, జమైకా, టూ టోన్, వలస, నిరసన.

1. ఉపోద్ఘాతం
నిరసన గీతానికి గాంభీర్యమే తగినదనీ, చిందులు వేయించే పాట కాలక్షేపానికే పనికివస్తుందనీ ఒక అభిప్రాయం ఉన్నది. స్కా పంక్ చరిత్ర ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించవలసిన అవసరాన్ని కల్పిస్తుంది. ఈ ప్రక్రియలో శ్రోత పాదం లయకు కదులుతూనే ఉంటుంది. పాట మాత్రం నిరుద్యోగాన్నీ, జాతివిద్వేషాన్నీ, హింసనూ ప్రస్తావిస్తుంది. ఈ వైరుధ్యం అర్థం కావాలంటే ముందుగా స్కా పుట్టుకను పరిశీలించాలి.

2. స్కా: పుట్టుక, లయస్వరూపం
1950ల చివరలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో, స్థానిక జానపద సంగీతమైన మెంటో, అమెరికన్ రిథమ్ అండ్ బ్లూస్, జాజ్‌ల కలయికతో స్కా పుట్టింది. 1962లో దేశానికి స్వాతంత్ర్యం లభించిన కాలంలో అది జనసామాన్యపు నాట్యసంగీతంగా వ్యాపించింది. నాలుగు చప్పట్లతో తాళం వేస్తే, స్కాలో గిటారు మీటు చప్పట్లపై కాక, రెండు చప్పట్ల నడుమనున్న ఖాళీలో పడుతుంది. ఆ మీటు పొట్టిగా, తుంచినట్లుగా ఉంటుంది. ఎదురుచూసిన చోట పడని దెబ్బను అందుకోవడానికన్నట్లు శరీరం అప్రయత్నంగా కదులుతుంది.

ఊదువాద్యాల ప్రాధాన్యం స్కా మరో లక్షణం. కింగ్‌స్టన్‌లో క్రైస్తవ సన్యాసినులు నడిపిన ఆల్ఫా బాలుర పాఠశాలలో పేద బాలురకు బ్యాండు శిక్షణ లభించేది. 1964లో ఏర్పడిన స్కాటలైట్స్ బృందంలోని డాన్ డ్రమండ్, టామీ మెకుక్ అక్కడ చదివినవారే. అదే పాఠశాల విద్యార్థి, ట్రాంబోన్ వాద్యకారుడు రికో రోడ్రిగెజ్ 1961లో ఇంగ్లండుకు వలస వెళ్లారు.

3. బ్రిటన్: టూ టోన్ దశ
కరీబియన్ వలసదారులతో పాటు వచ్చిన స్కా, బ్రిటన్‌లోని శ్వేతజాతి శ్రామిక యువతనూ ఆకర్షించింది. 1976-77లో లండన్‌లో పంక్ వెల్లువెత్తింది. వేగం, గరుకు నాదం, అధికార ధిక్కారం దాని లక్షణాలు. అదే కాలంలో వలసలను వ్యతిరేకించే నేషనల్ ఫ్రంట్ పార్టీ వీధి ప్రదర్శనలు నిర్వహిస్తున్నది.

ఈ నేపథ్యంలో 1979లో జెర్రీ డామర్స్ కోవెంట్రీ నగరంలో టూ టోన్ రికార్డ్స్‌ను స్థాపించారు. నలుపు తెలుపు గళ్లు దాని చిహ్నంలో భాగం. స్పెషల్స్, సెలెక్టర్ బృందాలలో నల్లవారు, తెల్లవారు ఒకే వేదికపై నిలిచారు. డాండీ లివింగ్‌స్టన్ 1967లో పాడిన ‘రూడీ, ఎ మెసేజ్ టు యూ’ను స్పెషల్స్ 1979లో మళ్లీ రికార్డు చేసింది. ఈ రెండు రికార్డులలోనూ ట్రాంబోన్ వాయించినది రికో రోడ్రిగెజే. తరాల మధ్య కొనసాగింపుకు ఇది ప్రత్యక్ష నిదర్శనం. నగరాల క్షీణతను చిత్రించిన ‘ఘోస్ట్ టౌన్’ 1981 జులైలో, దేశంలో అల్లర్లు చెలరేగుతున్న రోజుల్లోనే, బ్రిటిష్ జాబితాలో ప్రథమస్థానం పొందింది.

అయితే ఈ బృందాల ప్రదర్శనలకు నేషనల్ ఫ్రంట్ సానుభూతిపరులు కూడా హాజరై ఘర్షణలకు దిగిన సందర్భాలున్నాయి. లయకు చిందులు వేసిన వారందరూ పాటలోని వస్తువును అంగీకరించలేదు.

4. అమెరికా: స్కా పంక్ స్థిరీకరణ
టూ టోన్ బృందాలు పంక్ ఆవేశాన్ని స్కాలోకి తెచ్చాయి. రెండింటినీ సమాన బలంతో జోడించిన ఘనత 1987లో కాలిఫోర్నియాలో ఏర్పడిన ఆపరేషన్ ఐవీ వంటి బృందాలది. 1989లో ‘ఎనర్జీ’ అనే ఒకే ఒక్క పూర్తి ఆల్బమ్‌ను వెలువరించి ఆ బృందం విడిపోయింది. స్కా పంక్‌లో తరచుగా చరణం స్కా లయలో, తేటగా నడుస్తుంది. పల్లవి పంక్ గరుకు గిటారుతో ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. నియంత్రణ, విస్ఫోటనాల ఈ మార్పిడి శ్రోతను నిలకడగా ఉండనివ్వదు.

1990ల మధ్యలో ఈ ప్రక్రియ వాణిజ్య విజయం సాధించింది. బోస్టన్‌కు చెందిన మైటీ మైటీ బాస్‌టోన్స్ 1997లో విశేష ప్రాచుర్యం పొందింది. రికార్డు కంపెనీకి అమ్ముడుపోవడాన్ని ఎగతాళి చేసిన రీల్ బిగ్ ఫిష్ పాట ‘సెల్ ఔట్’ ఆ బృందానికే పెద్ద వాణిజ్య విజయమైంది. దశాబ్దాంతానికి ప్రధాన స్రవంతి ఆదరణ తగ్గింది.

5. ముగింపు
స్కా పంక్ ఆకర్షణకు మూడు కారణాలను గుర్తించవచ్చు. శరీరాన్ని కదిలించే ఎదురులయ మొదటిది. ఊదువాద్యాల వల్ల పెద్ద బృందం అవసరమై, వేదికే ఒక చిన్న సమాజంగా కనిపించడం రెండవది. ఆనందాన్ని నిరసనకు విరుద్ధంగా భావించకపోవడం మూడవది. ఈ మూడవ అంశం లోపించినప్పుడు లయ, ఊదువాద్యాలు, గళ్ల దుస్తులు మిగిలినా, టూ టోన్ కళాకారులు ఆ లయకు అప్పగించిన సామాజిక బాధ్యత మిగలదు. లయ జనాన్ని ఒకచోట చేర్చగలదు. చేరినవారికి ఏమి చెప్పాలన్నది మాత్రం పాటే నిర్ణయించుకోవాలి.