బేస్ గిటారూ, పిలవని శ్రుతీ

నాలుగు లావుపాటి తంత్రుల బేస్ గిటారు ఇప్పుడు మన ఇండ్లలోకీ వచ్చింది. బెంగుళూరులో, చెన్నైలో, బరంపురంలో, షోలాపూరులో తరాలుగా స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కొందరు కాలేజీ బృందాలలో దానిని వాయిస్తున్నారు. వాయించి ఊరుకోక ఇంట్లోనే రికార్డు కూడా చేస్తున్నారు. ఒకప్పుడు కోడంబాకం స్టూడియోలలో గది నిండిన సరంజామా చేసిన పనిలో చాలా భాగాన్ని ఈనాడు బల్లమీద పట్టే చిన్న పెట్టె ఒకటి చేస్తున్నది. దానిని ఇంటర్‌ఫేసు అంటారు. వాద్యం నుంచి వచ్చే విద్యుత్తరంగాన్ని అంకెలుగా మార్చి కంప్యూటరుకు అందించడం దాని పని. వాద్యానికీ ఆ పెట్టెకూ నడుమ, నేలమీద, ధ్వనికి రకరకాల రంగులద్దే ఎఫెక్ట్స్ పెడళ్లు వరుసగా కూర్చుంటాయి.

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని తొలి రికార్డింగు పెట్టి వినగానే పాటకంటే ముందు 'గుయ్'మని ఒక మోత వినిపిస్తుంది. వాద్యం పాడైపోయిందని తండ్రిగారంటారు. పెట్టె మార్చాలని కుర్రవాడంటాడు. దుకాణదారు ఇద్దరి మాటా నిజమేనంటాడు! మా సలహా ఏమంటే, జేబులో చెయ్యి పెట్టేముందు ధ్వని నడిచే దారిని మొదటినుంచి చివరిదాకా ఒకసారి పరిశీలించండి. చాలా ఇండ్లలో లోపం ఉండేది వస్తువులలో కాదు, వాటిని కలిపిన తీరులో.

ఆ మోత ఎక్కడిది? మన దేశంలో ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులది. సెకనుకు 50 ఆవృత్తులు దాని నడక. బేస్ గిటారులో అన్నిటికంటే మంద్రమైన తంత్రిని వట్టిగా మీటితే సెకనుకు సుమారు 41 కంపనాలు. దానిమీద మూడవ మెట్టు నొక్కితే 49. అంటే మన గోడలలోని కరెంటు ఇంచుమించు ఆ మూడవ మెట్టు స్వరాన్నే రేయింబవళ్లు పలుకుతున్నదన్నమాట. పిలవని పేరంటానికి వచ్చి కూర్చున్న తంబూర! మామూలు గిటారుకు ఈ బాధ కొంత తక్కువ. దాని మంద్ర తంత్రే 82 కంపనాలది కనుక 50 దగ్గర కోసివేసినా స్వరానికి పెద్ద నష్టం లేదు. బేస్‌కు ఆ సదుపాయం లేదు. మోతను కోస్తే స్వరమూ తెగుతుంది. అందుచేత మోతను పుట్టినచోటనే పట్టుకోవాలి.

మొదట తంత్రులమీద చెయ్యి వేసి చూడండి. చెయ్యి తగలగానే రొద తగ్గితే, అది గాలిలోనుంచి వాద్యంలోకి చొరబడుతున్న రొద అనుకోవచ్చు. చౌకరకం ఎల్.ఇ.డి. దీపాలూ, దీపకాంతిని తగ్గించే రెగ్యులేటర్లూ దీనికి తరచు కారణాలు. వాటిని ఆర్పి, కంప్యూటరుకు కొంచెం ఎడంగా జరిగి కూర్చుంటే చాలావరకు పోతుంది. చెయ్యి వేసినా తేడా లేకపోతే, లాప్‌టాప్ చార్జరు ఊడదీసి బాటరీమీద నడిపి చూడండి. మోత ఆగిందా, గుట్టు బయటపడినట్లే. చార్జరు ఒక గోడనుంచీ, ఆంప్లిఫయరు ఇంకొక గోడనుంచీ కరెంటు తీసుకుంటున్నప్పుడు వాటి ఎర్తు తీగలు రెండు దారుల భూమిని చేరుతాయి. ఆడియో తీగ నడుమ వాటిని కలిపేసరికి ఒక వలయం ఏర్పడి, అందులో తిరిగే స్వల్పమైన కరెంటు మోతగా వినిపిస్తుంది. అన్నిటినీ ఒకే సాకెట్టునుంచి, ఒకే మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే తరచుగా ఇది తీరిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పక తప్పదు. మోతను ఆపడానికి మూడు పిన్నుల ప్లగ్గులోని లావుపాటి పై పిన్నును విరిచివేసేవారున్నారు. ఎర్తు లేని రెండు పిన్నుల అడాప్టరు తగిలించేవారూ ఉన్నారు. మోత ఆగుతుంది, నిజమే. కాని గిటారు తంత్రులు లోపలి తీగద్వారా ఆంప్లిఫయరు లోహపు పెట్టెతో కలిసి ఉంటాయి. పెట్టెలో ఏదైనా లోపం వచ్చి కరెంటు పైకి వస్తే, ఎర్తు ఉన్నప్పుడు అది భూమిలోకి పోయి ఫ్యూజు కొడుతుంది. ఎర్తు లేనప్పుడు తంత్రులలో కాచుకొని ఉంటుంది. ఇంకొక చెయ్యి దేనినైనా తాకిందంటే దారి మన శరీరంగుండానే! ఇది ఊహ కాదు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారు విద్వాంసుడు ఎర్తు లేని మైక్రోఫోనును తాకి వేదికమీదనే మరణించాడు. 1976లో కీత్ రెల్ఫ్ అనే పేరుమోసిన గాయకుడు తన ఇంట్లోనే, ఎర్తు సరిగాలేని గిటారు వాయిస్తూ పోయాడు. పాతకాలపు అద్దె ఇండ్లలో సాకెట్టుకు మూడు రంధ్రాలున్నా వెనుక ఎర్తు తీగే లేకపోవడం కద్దు. కొత్త పెడల్ కొనే డబ్బుతో ముందు ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తు చూపించుకోండి. 30 మిల్లీ ఆంపియర్లకు తెగే ఆర్.సి.సి.బి. ఒకటి పెట్టించుకోండి. వలయాన్ని తెంచక తప్పదంటే అందుకు డి.ఐ. బాక్సు అనే సాధనం ఉన్నది. దానిమీది 'గ్రౌండ్ లిఫ్ట్' మీట ధ్వని తీగలోని కలయికను మాత్రమే విడదీస్తుంది. ప్లగ్గు ఎర్తు జోలికి పోదు.

మోత తీరాక రెండవ ఫిర్యాదు: బేస్ పలచగా, మొద్దుగా వినబడుతున్నదని. దీనికి మందు చాలా చిన్నది. బాటరీ లేని మామూలు బేస్‌కు సుమారు 10 లక్షల ఓముల నిరోధమున్న ద్వారం కావాలి. ఇంటర్‌ఫేసులోని లైన్ ద్వారం సాధారణంగా 10 వేల ఓముల ప్రాంతానిది. 'ఇన్‌స్ట్' అనో 'హై-జెడ్' అనో రాసి ఉన్న మీట నొక్కితే చాలు.

మూడవది ఆలస్యం. మీటిన స్వరం చెవిలో కాస్త ఆగి వినబడుతుంది. తాళం తప్పుతున్నాడని పిల్లవాడికి అక్షింతలు పడతాయి! కంప్యూటరు ధ్వనిని ముక్కలుగా పోగుచేసుకొని పంపుతుంది. సెకనుకు 48,000 నమూనాల లెక్కన, ఒక్కొక్క ముక్క 1,024 నమూనాలదైతే పోవడానికి 21, రావడానికి 21 మిల్లీసెకన్లు. గాలిలో ధ్వని అంతసేపట్లో 14 మీటర్లు నడుస్తుంది. వాద్యం ఇక్కడ, శబ్దం వీధి చివర! వాయించేటప్పుడు ముక్కను 128కి తగ్గించుకోవాలి. లేదా డైరెక్ట్ మానిటర్ మీట వేసుకోవాలి.

ఇన్ని చిక్కులు చెప్పాము గాని, ఈ పెడళ్లలో ఒక దాని పుట్టుకే రికార్డింగు చిక్కు. అమెరికాలోని నాష్‌విల్‌లో 1960లో మార్టీ రాబిన్స్ పాటకు గ్రాడీ మార్టిన్ ఆరు తంత్రుల బేస్ వాయిస్తుండగా, మిక్సింగు బల్లలోని ఒక భాగం చెడిపోయి, ధ్వని చీలి గరగరమని వచ్చింది. దానిని పారవేయక అట్లాగే ఉంచారు. 1961లో 'డోంట్ వర్రీ' అన్న ఆ పాట జనానికి నచ్చింది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ మరొకరితో కలిసి ఆ గరగరను కావాలని పుట్టించే సాధనం కట్టాడు. 1962లో గిబ్సన్ కంపెనీ మాయెస్ట్రో ఫజ్‌టోన్ అనే పేరుతో దానిని అమ్మకానికి తెచ్చింది. అయితే ఫజ్ వేస్తే బేస్‌లోని మంద్రం తరచుగా చిక్కిపోతుంది. అందుకే బేస్ కోసం చేసిన ఫజ్ పెడళ్లు చాలావాటిలో శుద్ధ ధ్వనిని కలుపుకొనే 'బ్లెండ్' మీట ఉంటుంది. ఇంట్లో రికార్డు చేసేవారు వీలైతే శుద్ధ ధ్వనిని వేరొక ట్రాకులో దాచుకోవడం మంచిది. రంగు ఎప్పుడైనా అద్దవచ్చు, అద్దినది తీయలేము.

చివరగా ఎక్స్‌ప్రెషన్ పెడల్. నాటకాలలో కాలితో తొక్కే హార్మోనియం చూసినవారికి పాదంతో భావం పలికించడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. కాని ఈ పెడల్‌లోనుంచి ధ్వని పోదు. అది వట్టి ఆజ్ఞ. మడమనుంచి మునివేళ్లదాకా ఎంత వంచారో పక్కనున్న ఎఫెక్ట్ యూనిట్‌కు చెప్పడమే దాని పని. వాల్యూం పెడల్ అట్లా కాదు, ధ్వనినే తనలోనుంచి పంపుతుంది. చూపుకు రెండూ కవలలు కనుక ఒకటి కొనబోయి ఇంకొకటి తెచ్చుకొనేవారు తక్కువేమీ కాదు. ఎక్స్‌ప్రెషన్ పెడల్‌కు మూడు భాగాల మొన ఉన్న తీగ కావాలి. గిటారుకు వాడే రెండు భాగాల తీగ పెడితే పని చెయ్యదు. పైగా రోలాండ్ వారి పద్ధతి ఒకటి, యమహా వారి పద్ధతి మరొకటి. లోపలి తీగల వరుస వేరు. ఒకరి పెడల్ మరొకరి యూనిట్‌కు పెడితే కదలిక అంతా ఒక మూలనే జరుగుతుంది, లేదా అసలు ఉండదు. కొన్ని పెడళ్ల అడుగున ఈ వరుసను మార్చే చిన్న మీట ఉంటుంది. కొన్ని యూనిట్లలో కాలిబ్రేషన్ అని ఒక అంశం ఉంటుంది. పాదాన్ని పూర్తిగా వెనక్కు, పూర్తిగా ముందుకు ఒకసారి నొక్కి చూపితే అది కొలత పట్టుకుంటుంది. పెడల్‌ను దుకాణానికి తిరిగి మోసుకుపోయేముందు ఈ రెండూ చూడండి.