నిప్పునాపు పొడి: నిలువయు, వాడుకయు



తాండూరు ప్రాంతమున పొడికి కొదువ లేదు. గోడలకు వేయు సున్నమొక పొడి. రాయి కోయు యంత్రముల చెంత కుప్పలుగా పేరుకొను నాపరాతి దుమ్మొక పొడి. సిమెంటు మరియొక పొడి. పొలమునకు జల్లు ఎరువులు వేరు. ఇన్నింటి నడుమ ఇటీవలి కాలమున మరియొక పొడి మన పంచాయతీ కార్యాలయములకును, పాఠశాలలకును, పప్పుమిల్లులకును వచ్చి చేరినది. గోడకు వ్రేలాడు ఎర్రని డబ్బాలో నుండు నిప్పునాపు పొడి యదియే. చూచుటకు తెల్లగానో, రంగు కలిపినచో లేతపసుపుగానో యుండును. మనలను కాపాడుటకై వచ్చిన వస్తువు గదా యని దానిని ఎక్కడనైన పడవేయుట మనకు అలవాటైనది. ఆ అలవాటు ఎంత కీడు తెచ్చునో, దానిని మాన్పుకొను విధమెట్టిదో నేడు మనవి చేసెదను.

ముందు ఆ పొడి చేయు పని యేమో తెలిసికొందము. అందు ముఖ్యమైనది మోనో అమ్మోనియం ఫాస్ఫేటు అను లవణము. ఇది రైతులకు కొత్తది కాదు. బిందుసేద్యము చేయువారు 12-61 అను పేర కొని నీట కలుపు ఎరువు ఇదియే. 18-46 యని మనము పిలుచు డి.ఏ.పి. దీనికి దగ్గరి చుట్టము. సుమారు 190 డిగ్రీల వేడిమి తగులగనే ఈ లవణము కరగి విడిపోవ నారంభించును. అందు పుట్టిన ఆమ్లము కట్టెమీదను గుడ్డమీదను పాకమువలె పరచుకొని గాలి తగులకుండ చేయును. అంతియే కాదు. కాలెడి కట్టెను మండెడి ఆవిరులుగా పోనీయక, బొగ్గుగా మార్చును. బొగ్గు కణకణలాడునేగాని కట్టెవలె మంటలెత్తి కాలదు. కనుక మంట అణగిపోవును.

ఈ గుణమును మనుష్యులు కనుగొని రెండువందల యేండ్లు దాటినది. ఫ్రాన్సు దేశమున నాటకశాలల తెరలు దీపముల వలన అంటుకొని కాలుచుండగా, గే-లుసాక్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1821లో అమ్మోనియం ఫాస్ఫేటు, నవాసాగరము, వెలిగారము కలిపిన నీటిలో బట్టలను తడిపి ఆరవేసినచో అవి మంటలెత్తవని తెలిపెను. మన కంసాలులు వాడు వెలిగారమే అది. నేటికిని పందిరి గుడ్డలకు, నాటకపు తెరలకు ఇట్టి లవణములను పట్టింతురు. అయితే ఒక్క మాట మరువరాదు. ఇవి నీట కరగునట్టివి. ఒకసారి ఉదికినను, ఒక వాన కురిసినను గుడ్డలోని లవణము కొట్టుకొనిపోవును. కావున ఆరుబయటి గడ్డివామిమీదను, కందికట్టె మోపులమీదను ఈ పొడి చల్లి నిశ్చింతగా నుండుట వెఱ్ఱితనము. వాములను ఇండ్లకు దూరముగను, ఒకదానికొకటి ఎడముగను వేయుటయే వాటికి రక్ష.

ఇక నా అనుభవమొకటి చెప్పెదను. ఒక వేసవిలో పాతబడిన డబ్బాలలోని పొడిని తీయించి, రెండు గోనెసంచులలో పోయించి, మా కొట్టుగదిలో ఒక మూల పెట్టించితిని. ఆ మూలనే గోడలకు వేయగా మిగిలిన సున్నపు సంచి యున్నది. సంచులమీద పేరు వ్రాయింపలేదు. తొలకరి వానకు కప్పు కారి రెండును తడిసినవి. రెండు దినముల పిమ్మట నేను తలుపు తీయగనే కండ్లు మండి నీరు కారినది. గొంతు పట్టుకొని ఊపిరి ఆడలేదు. వెలుపలికి పరుగెత్తి చాలసేపు గాలి పీల్చినగాని తెప్పరిల్లలేదు. మధ్యాహ్నవేళ మా యింటి పిల్లలు ఆ గదిలోనే దాగుడుమూత లాడుదురు. ఆనాడు వారు బడికి పోయి యుండుట మా భాగ్యము. తప్పు నాది. ఆ తప్పు మీరు చేయకుండుటకే ఈ సంగతి చెప్పుచున్నాను.

జరిగిన దేమనగా, అమ్మోనియా కలిగిన ఏ లవణమునకైనను తడిసిన సున్నము తగిలెనా, అమ్మోనియా వాయువు వెలువడును. పశువులకొట్టము సరిగా కడుగనప్పుడు ముక్కున గొట్టు ఘాటు అదియే. మూసిన గదిలో అది నిండినచో కండ్లకు, ఊపిరితిత్తులకు ప్రమాదము. సున్నమునకు పుట్టినిల్లయిన మన సీమలో ఈ జాగ్రత్త ఇతరులకంటె మనకే హెచ్చుగా కావలెను. సున్నము, సిమెంటు ఉన్నచోట ఈ పొడి యుండరాదు. 12-61, డి.ఏ.పి. ఎరువులకును ఇదియే నియమము. కాల్చి ఇంకను నీరు పోయని సున్నపురాయి విషయము మరింత గట్టిది. అది తడిసిన మాత్రమున వేడెక్కి, ప్రక్కనున్న గడ్డిని, గోనెను అంటింపగలదు.

నిలువచేయు పద్ధతి కష్టమైనది కాదు. ఈ పొడికి మొదటి శత్రువు తేమ. తడిసినచో గడ్డకట్టి, అవసరపు వేళ డబ్బా గొట్టమునుండి వెలువడదు. మన నాపరాతి బండల నేల చూచుటకు పొడిగా నున్నను, వానకాలమున అతుకులగుండ చెమ్మ పైకెక్కును. కనుక సంచిని నేలమీద పెట్టక, జానెడెత్తు బల్లమీద, గోడకు ఎడముగా నుంచుడు. లోపల పాలిథీను తొడుగున్న సంచిలో పోసి మూతి బిగియగట్టుడు. సంచిమీద పెద్ద అక్షరములతో పేరును, తెచ్చిన దినమును వ్రాయుడు. చదువురాని వారికై ఎర్రని గురుతు వేయుడు. ఉప్పు, పిండి, పంచదార ఉండు గదిలో దీనిని ఎన్నడును ఉంచకుడు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన మన తాండూరు కందులు నిలువయున్న గదిలోనూ వలదు. ఉప్పు రుచికి పశువులు నాకును గనుక కొట్టమునకు దూరముగా నుంచుడు. వెలిగారము, బోరికామ్లము కడుపులోనికి పోయిన పసిబిడ్డలకు మిక్కిలి అపాయము. గర్భిణీ స్త్రీలు వాటిని పట్టుకొనకుండుట మేలు.

రెండు డబ్బాల పొడులను ఒకటిగా కలుపరాదు. కొన్నింటిలో ఫాస్ఫేటుకు మారుగా వంటసోడా జాతి పొడి యుండును. ఆ రెండును కలిసి తేమ తగిలినచో బొగ్గుపులుసు వాయువు పుట్టి, మూసిన డబ్బా పగులవచ్చును. ఎరువును తెచ్చి డబ్బాలో నింపుటయు తగదు. డబ్బా పొడిని మిక్కిలి మెత్తగా నూరి, గడ్డకట్టకుండ సిలికోను పూత పట్టింతురు. ఎరువుకు ఆ పూత లేదు. డబ్బాపై ఐ.ఎస్. 15683 గురుతు చూచి కొనుడు. ముల్లు ఆకుపచ్చ గీతలో నున్నదో లేదో నెలకొకసారి చూడుడు. ఒక్కమారు నొక్కినను మరల నింపింపవలెను.

పొడిని ఒక సంచినుండి మరియొకదానికి మార్చునపుడు ముక్కునకు గుడ్డ, కండ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు ఉండవలెను. గాలి వీపువైపునుండి వీచునట్లు నిలువుడు. పని ముగిసిన పిమ్మట చేతులు కడుగక చుట్ట వెలిగింపకుడు, తమలపాకు నోట పెట్టకుడు. కంటిలో పడినచో నులుమక, మంచినీటితో పదిహేను నిమిషములు కడిగి వైద్యునికి చూపుడు. మ్రింగినవారిని వాంతి చేయింపక, సంచితోకూడ ఆసుపత్రికి తీసికొనిపొండు. ఒలికిన పొడిని పొడిచీపురుతో ఎత్తుడు. బావిగట్టునను, చెరువు కాలువలోను కడుగకుడు. అందలి ఫాస్ఫేటు చెరువులో నాచును పెంచును, అమ్మోనియా చేపలకు హాని చేయును. మంట నార్పిన తరువాత మోటారులమీదను, తీగలమీదను పడిన పొడిని, విద్యుత్తు నిలిపి, వెంటనే తుడువుడు. తేమ తగిలిన పిమ్మట అది లోహమును తినివేయును.

ఈ డబ్బా మొదటి నిమిషములలోని చిన్నమంటకే చాలును. మంట కప్పునంటెనా, మనుష్యులను వెలుపలికి పంపి 101కి పిలుపు చేయుడు.

నాదొక విన్నపము. రేపు ఉదయము మీ గ్రామమున పంచాయతీకిని, బడికిని పోయి, ఆ ఎర్రని డబ్బా ఎక్కడ నున్నదో, దాని పొడి సంచి దేని ప్రక్కన నున్నదో మీ కన్నులార చూడుడు. ప్రక్కన సున్నపు సంచి కనబడినచో, మాటలతో కాలము పుచ్చక ముందు దానిని వేరొక గదికి మార్పించుడు.