ఇంటర్నెట్ దారులకు రూల్స్ రాసేదెవరు? 30వ నెంబర్ చెప్పే కథ

2021 అక్టోబర్ 4. మన దగ్గర రాత్రి తొమ్మిది దాటింది. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌లన్నీ గడియారం గుర్తు దగ్గరే ఆగిపోయాయి. ఇన్‌స్టా రీఫ్రెష్ అవ్వట్లేదు. ఫేస్‌బుక్ అసలు ఓపెనే కావట్లేదు. అప్పుడు మనలో చాలామంది చేసిన మొదటి పని ఏంటి? ఫోన్ రీస్టార్ట్. తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్, ఆఫ్. ఆ తర్వాత వైఫై రూటర్ స్విచ్ తీసి మళ్లీ వేయడం. నేనైతే మా బ్రాడ్‌బ్యాండ్ వాళ్లకు ఫోన్ చేసి గొడవ కూడా పెట్టుకున్నాను. పాపం, తప్పు వాళ్లది కాదు.

మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వల్ల ఫేస్‌బుక్ డేటా సెంటర్ల మధ్య లింకులన్నీ తెగిపోయాయి. డేటా సెంటర్లు అందకపోయేసరికి, ఆ కంపెనీ డీఎన్ఎస్ సర్వర్లు తమకు నేర్పినట్టే “మమ్మల్ని చేరే దారి ఇక లేదు” అని ప్రపంచానికి చెప్పేశాయి. అంతే, దాదాపు ఆరు గంటలు ఆ కంపెనీ ఇంటర్నెట్ మ్యాప్‌లోనే లేదు. సర్వర్లు పనిచేస్తున్నాయి, మీ ఫోన్ పనిచేస్తోంది. మధ్యలో దారి మాత్రం లేదు.

ఆ దారులను చెప్పుకునే భాష పేరు బీజీపీ, అంటే బోర్డర్ గేట్‌వే ప్రొటోకాల్. మన సైట్‌లో ప్రతి ఫోన్ రివ్యూలో 5జీ బ్యాండ్లు, వైఫై 7, మోడెమ్ స్పీడ్ అంటూ పేరాలకు పేరాలు రాస్తాం. ఆ డేటా టవర్ దాటాక ఏ దారిలో వెళ్తుందో మాత్రం ఒక్కసారీ రాయలేదు. ఈసారి అదే చూద్దాం.

టీ కొట్టు దగ్గర దారి అడిగినట్టు

గూగుల్ మ్యాప్స్ రాకముందు ఊళ్లకు ఎలా వెళ్లేవాళ్లం? ప్రతి సెంటర్‌లో టీ కొట్టు దగ్గర బండి ఆపి అడిగేవాళ్లం. “ఇలా పోతే ఫలానా ఊరు వస్తుంది, అక్కడ మళ్లీ అడగండి” అనేవాళ్లు. బీజీపీ దాదాపు అంతే. జియో, ఎయిర్‌టెల్, గూగుల్, మీ వీధిలో కేబుల్ ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ, ఇలా సొంతంగా నడిచే ప్రతి నెట్‌వర్క్‌కూ ఒక ఏఎస్ నెంబర్ ఉంటుంది. ప్రపంచంలో ఇలాంటి నెట్‌వర్క్‌లు 70 వేలకు పైనే. ఒక్కొక్కటి తన పక్కవాళ్లకు “ఈ ఐపీ అడ్రస్‌లు నా దగ్గరున్నాయి”, “వాటికి నా మీదుగా వెళ్లొచ్చు” అని చెబుతుంది. పక్కవాడు నమ్ముతాడు. నమ్మి తన పక్కవాడికి చెబుతాడు.

ఇందులో చిక్కు మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. టీ కొట్టు ఆయన తప్పు చెబితే?

2008 ఫిబ్రవరి 24న సరిగ్గా అదే జరిగింది. పాకిస్తాన్‌లో యూట్యూబ్‌ను బ్లాక్ చేయాలని ఆర్డర్ వస్తే, పాకిస్తాన్ టెలికాం తన నెట్‌వర్క్ లోపల పెట్టాల్సిన ఒక దొంగ రూట్ బయటికి కూడా పాకింది. అది యూట్యూబ్ చెప్పుకున్న రూట్ కంటే చిన్న బ్లాక్. బీజీపీలో ఎంత చిన్న బ్లాక్ అయితే అంత ప్రయారిటీ. దాంతో ప్రపంచమంతా యూట్యూబ్ ట్రాఫిక్ పాకిస్తాన్ వైపు తిరిగి, రెండు గంటల పాటు చాలామందికి సైట్ అందలేదు. మన దేశం వంతు కూడా వచ్చింది. 2021 ఏప్రిల్ 16న వొడాఫోన్ ఐడియా నెట్‌వర్క్ ఒకటి తనవి కాని 30 వేలకు పైగా రూట్లను పొరపాటున తనవిగా ప్రకటించింది.

అసలు ఇంత నమ్మకం మీద ఎలా కట్టారు దీన్ని? 1989 జనవరిలో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఒక మీటింగ్ జరుగుతోంది. భోజనాల దగ్గర సిస్కో ఇంజినీర్ కిర్క్ లోహీడ్, ఐబీఎం ఇంజినీర్ యాకోవ్ రెఖ్టర్ నాప్‌కిన్ల మీద గీసిందే బీజీపీ మొదటి డిజైన్. అదే ఏడాది జూన్‌లో డాక్యుమెంట్‌గా వచ్చింది. అప్పటి ఇంటర్నెట్‌లో ఒకరికొకరు తెలిసినవాళ్లే ఎక్కువ, అబద్ధం చెబుతారన్న భయం లేదు. ఇప్పుడు మనం వాడుతున్న నాలుగో వెర్షన్ 1994 నాటిది. అంటే ఇది చదువుతున్న మీలో చాలామంది కంటే వయసులో పెద్దది!

ఓట్లు లేవు, బాస్ లేడు

మరి దీన్ని మార్చేది ఎవరు? ఐఈటీఎఫ్ అనే సంస్థ. 1986లో 21 మందితో మొదలైంది. దీనికి మెంబర్‌షిప్ లేదు, ఓటింగ్ లేదు. సిస్కో నుంచి వచ్చినా, కాలేజీ హాస్టల్ నుంచి వచ్చినా అక్కడ ఒక మనిషి, ఒక మాట. ఎవరైనా డ్రాఫ్ట్ రాసి పెట్టొచ్చు. ఆరు నెలల్లో దాన్ని అప్‌డేట్ చేయకపోతే ఎక్స్‌పైర్ అయిపోతుంది, మన రీఛార్జ్ ప్యాక్ లాగా. మీటింగ్‌లో ఒక విషయం మీద గది మూడ్ తెలుసుకోవడానికి హమ్ చేయమనే సంప్రదాయం ఉంది. ఒప్పుకునేవాళ్లంతా నోరు మూసుకుని “మ్‌మ్‌మ్” అంటారు. తర్వాత ఒప్పుకోనివాళ్లు. ఏది గట్టిగా వినిపించిందో ఛైర్మన్ చూస్తారు. నవ్వొచ్చే పద్ధతిలా ఉన్నా, దీని వెనక ఒక ఆలోచన ఉంది. తలలు లెక్కపెడితే వంద మంది ఉద్యోగులను పంపగలిగే కంపెనీయే ఎప్పుడూ గెలుస్తుంది. ఇక్కడ ఒక్కడే అభ్యంతరం చెప్పినా, దానికి టెక్నికల్‌గా జవాబు ఇవ్వాల్సిందే.

బీజీపీ మార్పులు చూసే గ్రూప్ పేరు ఐడీఆర్. వాళ్లకు ఇంకో రూల్ కూడా ఉంది. కాగితం మీద ఎంత బాగున్నా సరిపోదు, కనీసం రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో రాసి చూపించాలి. ఫోన్ లాంచ్ ఈవెంట్లలో “త్వరలో అప్‌డేట్ ద్వారా వస్తుంది” అని స్లైడ్ వేస్తారే, ఆ పప్పులు అక్కడ ఉడకవు. నాకైతే ఈ రూల్ మన ఇండస్ట్రీలోనూ పెడితే బాగుండనిపిస్తుంది.

30వ నెంబర్ కథ

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. బీజీపీలో ప్రతి రూట్‌కూ ట్యాగ్‌లు తగిలించొచ్చు. వీటిని కమ్యూనిటీలు అంటారు. “ఈ రూట్‌ను ఫలానా కంపెనీకి చెప్పొద్దు”, “నా మీద అటాక్ జరుగుతోంది, ఈ అడ్రస్‌కు వచ్చే ట్రాఫిక్ పారేయండి”, ఇలాంటి సూచనలన్నీ ఈ ట్యాగ్‌లతోనే వెళ్తాయి. 1996లో వచ్చిన ఈ ట్యాగ్ సైజు నాలుగు బైట్లు. మొదటి రెండింటిలో ఏఎస్ నెంబర్, మిగతా రెండింటిలో చేయాల్సిన పని. అప్పట్లో ఏఎస్ నెంబర్ కూడా రెండు బైట్లే, అంటే 65,535 దాటదు. చక్కగా పట్టేది.

ఆ నెంబర్లు అయిపోతాయని తెలిసి 2007లో నాలుగు బైట్ల ఏఎస్ నెంబర్లకు స్టాండర్డ్ తెచ్చారు. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొత్తగా ఏఎస్ నెంబర్ తీసుకునే చిన్న ఐఎస్‌పీకి ఆరు అంకెల నెంబర్ వస్తుంది. అది పాత ట్యాగ్‌లో పట్టదు! పెద్ద పాత కంపెనీలకు ట్యాగ్‌ల సౌకర్యం పూర్తిగా ఉంది, కొత్తగా వచ్చిన చిన్నవాళ్లకు లేదు. మధ్యలో ఎక్స్‌టెండెడ్ కమ్యూనిటీలని ఒకటి వచ్చింది కానీ, అందులో ఒక పెద్ద నెంబర్ పెడితే మిగిలేది రెండు బైట్లే. “నేను ఫలానా వాడికి చెబుతున్నా” అనాలంటే ఇద్దరి నెంబర్లూ పట్టాలి కదా.

2010లోనే వైడ్ కమ్యూనిటీలు అని ఒక పెద్ద ప్రపోజల్ వచ్చింది. అందులో లేనిది లేదు. అదే దాని కష్టం కూడా. అన్నీ చేయగలిగేది తయారవ్వడానికి ఏళ్లు పట్టింది, నెట్‌వర్క్‌లు నడిపేవాళ్లేమో ఎదురుచూస్తూనే ఉన్నారు. 2016లో వాళ్ల ఓపిక అయిపోయింది. సిస్కో నుంచి జేకబ్ హైట్జ్, ఎన్‌టీటీ నుంచి యోబ్ స్నైడర్స్, ఇంకొందరు కలిసి లార్జ్ కమ్యూనిటీలు అనే చాలా చిన్న ప్రపోజల్‌ను ముందుకు తోశారు. నాలుగేసి బైట్ల నెంబర్లు మూడు, మొత్తం 12 బైట్లు. నా నెంబర్, చేయాల్సిన పని, ఎవరి విషయంలో. అంతే, ఇంకే ఫీచరూ లేదు.

కొత్త రకం ట్యాగ్‌కు బీజీపీలో ఒక కోడ్ నెంబర్ కావాలి. ఈ నెంబర్ల రిజిస్టర్ ఐఏఎన్ఏ దగ్గర ఉంటుంది. వాళ్లు ఖాళీగా ఉన్న 30 ఇచ్చారు. స్నైడర్స్ ఆ ట్యాగ్ తగిలించి ఒక టెస్ట్ రూట్‌ను నిజమైన ఇంటర్నెట్‌లోకి వదిలారు. కొన్ని నెట్‌వర్క్‌లకు అది అందనే లేదు.

ఎందుకో వెతికితే విషయం బయటపడింది. ఒక పెద్ద కంపెనీ రూటర్లలో 30వ నెంబర్‌ను ఎవరికీ చెప్పకుండా, రిజిస్టర్ చేయకుండా వేరే సొంత ఫీచర్‌కు ముందే వాడేస్తున్నారు. ఆ రూటర్లు కొత్త ట్యాగ్‌ను చూసి “ఇదేదో పాడైపోయిన డేటా” అనుకుని ఆ రూట్‌నే పక్కన పడేస్తున్నాయి. రిజర్వేషన్ టికెట్ పట్టుకుని రైలెక్కితే మన సీట్లో ఎవరో తువ్వాలు వేసి కూర్చున్నట్టు.

ఇక్కడ చిన్న ఫ్లాష్‌బ్యాక్. 2010 ఆగస్టులో రైప్ ఎన్‌సీసీ, డ్యూక్ యూనివర్సిటీ కలిసి చేసిన ఒక టెస్ట్‌లో కొత్త ట్యాగ్ ఉన్న రూట్‌ను వదిలారు. అది రూల్స్ ప్రకారం సరైనదే. కానీ కొన్ని సిస్కో రూటర్లలోని బగ్ దాన్ని పాడుచేసి ముందుకు పంపింది. అందుకున్న పక్క రూటర్లు రూల్ బుక్ ప్రకారం కనెక్షన్ మొత్తం కట్ చేసేశాయి. ఒక్క రూట్‌లో తప్పుంటే ఆ లింక్ మీద వచ్చే రూట్లన్నీ పోయేవి. ఇలాంటి అనుభవాల తర్వాత 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7606 వచ్చింది. తప్పున్న రూట్‌ను మాత్రమే తీసెయ్, కనెక్షన్‌ను ముట్టుకోకు అని. ఆ మార్పు వల్లే 2016లో 30వ నెంబర్ గొడవ ఒక టెస్ట్ రూట్ కనిపించకపోవడంతో సరిపోయింది.

మరి ఆ సీటు ఎవరికి దక్కాలి? న్యాయంగా అయితే టికెట్ ఉన్నవాళ్లకే. కానీ ప్రపంచమంతా ఉన్న ఆ రూటర్లన్నీ అప్‌డేట్ అయ్యేదాకా ఆగితే మళ్లీ ఏళ్లు. ఫోన్‌కు సెక్యూరిటీ ప్యాచ్ రావడానికే మనం నెలలు చూస్తాం, కోట్ల ట్రాఫిక్ మోసే రూటర్‌కు అప్‌డేట్ చేయాలంటే ఇంజినీర్లకు చెమటలు పడతాయి. అందుకే ఐడీఆర్ గ్రూప్ పంతానికి పోలేదు. ఇలా దొంగతనంగా వాడుతున్న నెంబర్లు ఇంకెన్ని ఉన్నాయో లెక్క తీస్తే 30తో పాటు 31, 129, 241, 242, 243 దొరికాయి. అన్నింటినీ ఇక వాడొద్దని ఆర్‌ఎఫ్‌సీ 8093లో రాసేసి, లార్జ్ కమ్యూనిటీలకు 32 ఇచ్చారు. ఆ స్టాండర్డ్ ఆర్‌ఎఫ్‌సీ 8092గా 2017 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటికే బర్డ్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో సపోర్ట్ రెడీ.

నెంబర్ ఆక్రమించినవాళ్లకు శిక్ష ఏదని మీరు అడగొచ్చు. ఏమీ లేదు. ఐఈటీఎఫ్‌కు పోలీసులు లేరు. నాకిది కొంచెం చిరాగ్గానే అనిపిస్తుంది. కానీ పని మాత్రం నెలల్లో అయిపోయింది.

మరి అబద్ధం చెప్పేవాళ్ల సంగతి?

యూట్యూబ్ లాంటి కేసులకు మందు ఆర్‌పీకేఐ. ఈ అడ్రస్‌లను ప్రకటించే హక్కు ఏ ఏఎస్ నెంబర్‌కు ఉందో డిజిటల్ సంతకంతో ముందే రాసి పెట్టడం. మన దేశంలో ఐపీ అడ్రస్‌లు, ఏఎస్ నెంబర్లు ఇచ్చేది ఐఆర్ఐఎన్ఎన్. స్టాండర్డ్స్ 2012, 2013లో వచ్చాయి. ఐపీవీ4 రూట్లలో సగానికి ఇలాంటి సంతకాలు ఉండటం 2024 మేలో మొదటిసారి జరిగింది. అంటే డజను ఏళ్లు పట్టింది.

అది కూడా సగం మందే. రూట్ ఎవరి దగ్గర మొదలైందో మాత్రమే ఆర్‌పీకేఐ చెక్ చేస్తుంది, మధ్య దారిని కాదు. మొత్తం దారికి సంతకాలు పెట్టే బీజీపీసెక్ 2017లోనే స్టాండర్డ్ అయింది. కానీ దాన్ని వాడేవాళ్లు దాదాపు లేరు. ప్రతి రూటర్ ప్రతి రూట్‌కూ సంతకం పెట్టాలి, బోలెడు ప్రాసెసింగ్. పైగా దారిలో అందరూ వాడితేనే లాభం కాబట్టి ముందు మొదలుపెట్టినవాడికి ఖర్చు తప్ప ఏమీ మిగలదు. ఇప్పుడు ఆశంతా ఏఎస్‌పీఏ మీద. నాకు ఇంటర్నెట్ అమ్మేవాళ్లు వీళ్లే అని ప్రతి నెట్‌వర్క్ సంతకం చేసి చెబితే చాలు, అడ్డదారి రూట్లను పట్టేయొచ్చు. కొద్దిమంది వాడినా వాళ్లకు వెంటనే ఉపయోగం ఉంటుంది. లార్జ్ కమ్యూనిటీల లాగే చిన్న ఐడియా, అందుకే దీనికి ఛాన్స్ ఉందని నా నమ్మకం. ఇది రాసే సమయానికి ఇంకా డ్రాఫ్ట్ దశలోనే ఉంది.

మీ ఐఎస్‌పీ దొంగ రూట్లను ఆపుతోందో లేదో మీరే చూసుకోవచ్చు. “ఈజ్ బీజీపీ సేఫ్ యెట్” అనే క్లౌడ్‌ఫ్లేర్ సైట్‌ను ఫోన్‌లో ఓపెన్ చేసి టెస్ట్ బటన్ నొక్కండి. కావాలనే తప్పుగా ప్రకటించిన ఒక అడ్రస్‌ను మీ ఫోన్ అందుకోవడానికి ట్రై చేస్తుంది. అందితే మీ ఐఎస్‌పీ ఫిల్టర్ చేయట్లేదని అర్థం. ముందు వీపీఎన్ ఆఫ్ చేయండి, లేదంటే టెస్ట్ అయ్యేది వీపీఎన్ వాళ్ల నెట్‌వర్క్. మొబైల్ డేటా మీద ఒకసారి, ఇంటి వైఫై మీద ఒకసారి చేయండి. రెండూ వేర్వేరు నెట్‌వర్క్‌లు, రిజల్ట్ కూడా వేరుగా రావచ్చు.